నలుగురేమందురు?

మనుష్యుని బంధించు సంకెలలలో ఇనుముతో చేసినవి కొన్నియే. కంటికి కనబడక, చేతికి చిక్కక, పసితనము మొదలు కాటివఱకు మన వెంట నడచు సంకెల వేఱొకటి కలదు. మన పల్లెలలో దానిని ఒక చిన్న ప్రశ్నగా పలుకుదురు: "నలుగురేమందురు?"

ఈ ప్రశ్న సర్వదా చెడ్డదని మేము చెప్పము. పరుల సొమ్మునకై చాచిన చేతిని వెనుకకు లాగినదియు, కోపావేశమున కఱ్ఱ యెత్తినవానిని నిలిపినదియు అనేక పర్యాయములు ఇదియే. కాని మేలు చేయబోవు చేతిని ఆపుచున్నదియు ఇదియే. ఏ వేళ ఇది మనకు కాపలా, ఏ వేళ ఇది మనకు సంకెల యని యెఱుగుట యెట్లు? సంకెలయని తెలిసిన పిమ్మట దానిని విడిపించుకొనుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలే యీ పాఠమునకు విషయము.

1. మేము నడువని పది యడుగులు

చోడవరము సీమలో తూర్పు కొండల యంచున నున్న రోలుగుంట మా యూరు. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి 2022 సంవత్సరమున అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మాఱినను రచ్చబండమీది నలుగురు మాఱలేదు.

కొన్ని యేండ్ల క్రిందట ఇచ్చటి యొక పెండ్లికి మేము పోయితిమి. వధువునకు తండ్రి లేడు. తల్లి యొక పాడిగేదెను నమ్ముకొని, కూలికి పోయి, బిడ్డను పెంచి చదివించినది. ముహూర్తవేళ కన్యాదానము పినతండ్రి దంపతులు చేసిరి. తల్లి వంటపందిరి చాటున గుంజ నానుకొని నిలిచి తడికె సందునుండి చూచుచుండెను. అక్షతల పళ్లెరము పందిరి యంతయు తిరిగినది. ఆమె యొద్దకు మాత్రము పోలేదు. ఆమెను పొమ్మన్నవారెవ్వరును లేరు, రమ్మన్నవారును లేరు. విధవరాలు గనుక ఆమె తనంతట తానే తప్పుకొనినది.

ఇక మేము సిగ్గుతో ఒప్పుకొనవలసిన మాట. అంతకు నెల దినములకు ముందే మేము స్త్రీల హక్కులను గూర్చి ఒక సభలో గంటసేపు ఉపన్యసించి యుంటిమి. ఆ పళ్లెరము తిరిగి తిరిగి మా చేతికి వచ్చినది. ఆ తల్లి నిలిచిన తావునకును మాకును నడుమ నున్నది పది యడుగులు. మేము నడువలేదు. నడచిన మమ్ము కొట్టువారు లేరు, మా భుక్తిని హరించువారు లేరు, చెఱసాల లేదు. నలుగురు తలలు త్రిప్పి చూతురని తప్ప మాకు వేఱొక భయము లేదు. పళ్లెరమును ప్రక్కవానికిచ్చి యూరకుంటిమి.

ఇది చిన్న విషయమని తలపవలదు. పెద్ద సంకెలను తెంపుదుమని సభలో పలుకుట సులభము. చిన్న పళ్లెరమును చేత బట్టుకొని పందిరి దాటుట కష్టము. ఉపన్యాసమునకు చప్పట్లు దొరకును. పది యడుగులకు చూపులు మాత్రమే దొరకును.

2. రాజమహేంద్రవరము చెప్పు పాఠము

మన తెలుగుదేశమున ఈ భయమును ఎదిరించినవారి చరిత్రలలో కందుకూరి వీరేశలింగము పంతులుగారి చరిత్ర మిక్కిలి ప్రసిద్ధము. దానిని మనము తఱచుగా కొనియాడుదుము గాని పాఠముగా చదువుట తక్కువ.

విధవావివాహమును చట్టసమ్మతము గావించిన శాసనము 1856 లోనే పుట్టినది. చట్టము తలుపు తెఱచినను గడప దాటువారు అరుదైరి. గడపకడ్డముగా కూర్చున్నది న్యాయాధికారి కాదు, ఇరుగుపొరుగు. 1848 లో రాజమహేంద్రవరమున జనించిన పంతులుగారు ఉపాధ్యాయులు. 1874 లో వివేకవర్ధని పత్రికను స్థాపించిరి; ఆ సంవత్సరమే ధవళేశ్వరములో బాలికల పాఠశాలను నెలకొల్పిరి. 1879 లో విధవావివాహమును గూర్చి బహిరంగముగా ఉపన్యసించిరి. 1881 డిసెంబరు 11 వ తేదిని రాజమహేంద్రవరములో మొదటి విధవావివాహమును చేయించిరి. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు. ఆ నెలలోనే రెండవ వివాహమును జరిగినది.

తరువాత జరిగినది మనము శ్రద్ధతో చదువదగినది. పెండ్లికి తోడ్పడినవారిపై బహిష్కారము పడినది. వంటవారు రాలేదు, నీళ్లు మోయువారు రాలేదు, పురోహితులు వెనుదీసిరి. మీతో నుందుమని ముందు వాగ్దానము చేసిన మిత్రులలో పలువురు వెలికి వెఱచి ప్రాయశ్చిత్తములు చేసికొని బంధువులలో కలిసిరి. కడవఱకు నిలిచినవారిలో బసవరాజు గవర్రాజుగారు, ఆత్మూరి లక్ష్మీనరసింహముగారు, విద్యార్థులు కొందఱు. కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు ధనముతో ఆదుకొనిరి. పనివారు మానిన యింట పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు వచ్చిన పెండ్లివారికి తామే వండి పెట్టిరి. గోదావరినుండి నీళ్లు తామే మోసి తెచ్చిరి.

ఇందు మనకు మూడు విషయములు తేటపడును.

మొదటిది. వారు ఒక్క గంతున ఏఱు దాటలేదు. పత్రికకును పెండ్లికిని నడుమ ఏడేండ్లు గడచినవి. ముందు వ్రాత, పిదప పలుకు, ఆ పిదప పని. ఒక మెట్టుమీద నిలుచుట అలవాటైన తరువాతనే మఱియొక మెట్టు ఎక్కిరి. ధైర్యము కొందఱికి పుట్టుకతో వచ్చు వరమని మనము చెప్పుకొనుట మన సోమరితనమునకు మనము వేసికొను ముసుగు. ఈత వలెనే ధైర్యమును నీటిలో దిగి నేర్చుకొనవలసినదే.

రెండవది. వారు ఒంటరిగా చేయలేదు. పదుగురు విడిచినను నలుగురు నిలిచిరి. మనలను భయపెట్టునది ఒక నలుగురైన, నిలువబెట్టునది మఱియొక నలుగురు. తనకు ఎవ్వరితోడను పని లేదని విఱ్ఱవీగువాడు చాల దినములు నిలువలేడు.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. వెల అందఱును సమముగా చెల్లించలేదు. ఉపన్యాసము ఒకరిది, నీళ్ల బిందె వేఱొకరిది. సభలో కూర్చున్న పెద్దమనుష్యుడు భయపడినచో ప్రాయశ్చిత్తము చేసికొని మరల పాత పంక్తిలో కూర్చుండగలడు. ఆ పెండ్లికూతురు ఎచ్చటికి పోగలదు? ఆమెకు వెనుకదారి లేదు. కావున సంస్కారమును కోరు విద్యావంతులు తమ ధైర్యమును కొలుచుకొనుటకు ముందు, తాము వెనుదీసినచో ఎవరు నడివీథిలో మిగులుదురో చూచుకొనవలెను.

3. మెప్పును సంకెలయే

నిందాభయము మాత్రమే మనలను బంధించునని తలచుట సగము తెలివి. నిందకు వెఱచువాడును మెప్పునకు ఆశపడువాడును ఒక్క యజమానునికే దాసులు. ఇద్దఱును పరుల ముఖములలోనే తమ విలువను వెదకుదురు.

ఈ సత్యమును గురజాడ అప్పారావుగారు మనకు నవ్వుచు చెప్పిరి. వారు 1862 లో మన సీమకు చేరువనున్న ఎస్. రాయవరమున జన్మించినవారు. వారి కన్యాశుల్కము 1892 లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897 లో పుస్తకరూపమున వెలువడినది. అందలి గిరీశము విధవావివాహమును గూర్చి అనర్గళముగా మాటలాడును. సంస్కర్తల పలుకుబడి అంతయు అతని నాలుకపై నున్నది. కాని అతని మాట బుచ్చమ్మ మేలుకొఱకు కాదు, తన స్వార్థము కొఱకు. ఛాందసులను, ధనాశాపరులను చూపిన యా నాటకము, సంస్కర్త వేషము వేసినవానిని సైతము విడిచిపెట్టలేదు. మనవంటి చదువరులు ఆ నాటకమును చూచి ఇతరులను తలచి నవ్వుదురు. ఒక్క పర్యాయమైన తమ్ము తలచి నవ్వుకొనుట మేలు.

కావున, నేను ఈ పని లోకమునకు వెఱవక చేయుచున్నానని ఒకడు చెప్పుకొనునప్పుడు, ఏ లోకమునకని అడుగవలెను. బంధువుల లోకమునకు వెఱవక మిత్రగోష్ఠి చప్పట్లకు చేయుచున్నయెడల సంకెల తెగలేదు. ఒక కాలినుండి మఱియొక కాలికి మాఱినది.

4. మనమును ఆ నలుగురిలోనివారమే

ఇప్పుడు చేదైన యొక విషయమును చెప్పవలసియున్నది. నిందకు గుఱియైనవాడు నిందింపడని నమ్మకము లేదు.

పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు ఆస్థానమునందు ముద్దుపళని యను కవయిత్రి రాధికాసాంత్వనమును రచించినది. వీరేశలింగము పంతులుగారు తమ కవుల చరిత్రమున ఆ కావ్యమును, ఆమె కులవృత్తిని అధిక్షేపించి వ్రాసిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1878 లో జనించిన సంగీతవిద్వాంసురాలు. తామును దేవదాసీ కుటుంబమునుండి వచ్చినవారు. ఆమె ఆ గ్రంథమును 1910 లో తిరిగి అచ్చు వేయించి, శృంగారము వ్రాసిన పురుషులను క్షమించి స్త్రీని మాత్రము తప్పుపట్టుట న్యాయమా యని పీఠికయందు పంతులుగారినే ప్రశ్నించిరి. అంతటి పెద్దను ప్రశ్నించుట ఆనాడు సామాన్యము కాదు. ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించినది. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు ప్రధానిగా నున్న కాలమున ఆ నిషేధము తొలగినది.

ఆ నాగరత్నమ్మగారే తమ సంపాదనను వెచ్చించి తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించిరి; 1925 లో దానికి ప్రతిష్ఠ జరిగినది. అచ్చటి ఆరాధనోత్సవమున స్త్రీలకు పాడు నవకాశము లేకపోగా, ఆమె స్త్రీలను కూడగట్టి వేఱుగా ఆరాధన సాగించిరి. పిమ్మట భేదములు సమసి, అందఱును ఒక్కచోట పాడు దినములు వచ్చినవి.

ఇందుచేత పంతులుగారి ఘనత తగ్గదు. ఆయన తెఱచిన తలుపు తెఱచినదియే. కాని ఒక తలుపు తెఱచిన చేయి మఱియొక తలుపు మూయవచ్చునని మనము తెలిసికొనవలెను. ఆ నాగరత్నమ్మగారికి "నలుగురేమందురు" అను ప్రశ్నలోని నలుగురు ఎవరు? సంస్కర్తలే. మనము ఎవరి ముంగిట ఆ నలుగురమై కూర్చున్నామో యోచింపక, మన ముంగిట కూర్చున్న నలుగురిని మాత్రము నిందించుట ధర్మము కాదు. ఇతరులను తూచుచుండు త్రాసును చేతనుంచుకొన్నవాడు తన్ను ఎవరో తూచుచున్నారను భయమును విడువలేడు. ఆ త్రాసును దింపుటయే భయమునకు మొదటి మందు.

5. సాధన

ఇక మొదట వేసికొన్న ప్రశ్నకు వత్తము. లోకము వలదన్న ప్రతి పనియు మంచిపని కాదు. మొండితనమునకును ధైర్యమునకును పోలిక యుండవచ్చును గాని చుట్టఱికము లేదు. భేదమును కనుగొనుటకు మాకు తోచిన గుఱుతు ఒక్కటి: వలదను మాట ఎవరి నోటనుండి వచ్చుచున్నది? ఆ పనిచేత కష్టపడువారి నోటనుండి వచ్చినయెడల ఆగి వినవలెను, అది కాపలా. కేవలము చూచి చెప్పుకొనువారి నోటనుండి వచ్చినయెడల వందనము చేసి ముందుకు సాగవలెను, అది సంకెల.

ఈ గుఱుతును చేతబట్టుకొని సాధన చేయగోరువారికి నాలుగు మాటలు.

ఒకటి. నలుగురు, నలుగురు అని భయపడక వారి పేర్లు ఎంచి చూడుడు. రోలుగుంట పెండ్లి ముగిసిన కొంతకాలమునకు మేము ఆ పందిరిలోని పెద్దలతో మాటలాడితిమి. వారిలో ముగ్గురు, ఆ తల్లిని పిలిచిన బాగుండునని తామును తలచితిమని చెప్పిరి. ప్రతివారును మిగిలినవారు ఒప్పుకొనరని యూరకుండిరట! మేము వారికి వెఱచితిమి. వారు మాకు వెఱచిరి. ఆ పందిరిలో ఒకరికొకరు వెఱచినవారే గాని నిజముగా అడ్డువచ్చినవారు ఎందఱో మాకు నేటికిని తెలియదు. అనేక దురాచారములు ఈ రీతిగానే, ఎవరును మనసార కోరకయే నిలిచియున్నవి.

రెండు. ఎవరికి మేలు చేయదలచితిమో వారిని ముందు అడుగుడు. అడుగక చేసిన యుపకారము వారిని నలుగురి చూపులకు ఎఱ వేయుటయే యగును. మా సీమలో కొండమీది గూడెములనుండి రోగులను, గర్భిణులను డోలీలలో మోసికొని దిగిన వార్తలు ఇటీవలి సంవత్సరములలో సైతము వినబడినవి. మైదానమున కూర్చుండి వారిని గూర్చి తీర్మానములు చేయుట మనకు సుఖము. కొండ యెక్కి, వారి చాపమీద కూర్చుండి, వారేమి కోరుచున్నారో వినుట మనకు అలవాటులేని పని. అలవాటులేని పనియే సాధన.

మూడు. చిన్న పనితో మొదలిడి రెండవమాఱును చేయుడు. మొదటి పర్యాయము జనులు చూతురు; రెండవ పర్యాయము తక్కువమంది చూతురు; మూడవ పర్యాయము ఎవరికిని తీఱిక యుండదు. లోకులకు మనపై నున్న శ్రద్ధ మనము భయపడినంత గొప్పది కాదు. వారికిని తమ పొలములు, తమ బిడ్డలు, తమ చిక్కులు కలవు.

నాలుగు. నిందను మోయుడు గాని తిరిగి వేయకుడు. మనలను ఆక్షేపించినవారిని మూర్ఖులని మనము తిట్టినయెడల వారు మన యొద్దకు వచ్చు దారిని మనమే మూసినవారమగుదుము. నేడు లేచి పోయినవారు ఱేపు వచ్చి కూర్చుండుటకు చోటు వదలి యుంచవలెను.

6. రెండవ పెండ్లి

గత సంవత్సరము మా యూరిలోనే మఱియొక పెండ్లి జరిగినది. ఆ వధువు తల్లియు భర్తను కోల్పోయినదే. ఈమాఱు మేము ముహూర్తమునకు చాల దినములు ముందుగా ఆమె యింటికి పోయి, ఆమె మనస్సున ఏమున్నదో అడిగితిమి. ఆమె వెంటనే ఏమియు చెప్పలేదు. రెండు దినములు యోచించి చెప్పి పంపినది: "బాబూ, నేను పీటలమీద కూర్చోలేను. నాకే బెరుకు. అచ్చింతలు మాత్రం నా చేత్తో వేస్తాను."

ఆమె కోరినంతయే చేయుదుమని నిశ్చయించుకొంటిమి. పెద్దలలో ఇద్దఱితో ముందుగా మాటలాడితిమి. ముహూర్తవేళ పళ్లెరమును తీసికొని ఆమె యొద్దకు మేమే నడచితిమి. మా కాళ్లు వణకలేదని చెప్పిన అసత్యమగును. ఆమె వచ్చి బిడ్డ శిరస్సుపై అక్షతలు వేసినది. ఒక వృద్ధురాలు గొణుగుకొనుచు లేచి వెలుపలికి పోయినది. భోజనముల వేళకు తిరిగివచ్చి, ఆ తల్లి ప్రక్కనే విస్తరి ముందు కూర్చున్నది. ఆకాశము విఱిగి పడలేదు.

ఈ సంగతి చెప్పుట మా గొప్పకు కాదు. రెండవ తల్లికి చేసినది మొదటి తల్లికి మేము పడిన ఋణమును తీర్పలేదు. ఆమె బిడ్డ పెండ్లి మరల జరుగదు. తడికె సందునుండి చూచిన యా ముహూర్తమును ఆమెకు తిరిగి యిచ్చుట ఎవరి తరము? వాయిదా వేసిన ధైర్యమునకు వడ్డీ చెల్లించువారు మనము కాము, ఇతరులు.

ఆత్మపరీక్షకు

చదువరులు ఈ ప్రశ్నలను ఏకాంతమున తమకు తాము వేసికొందురు గాక.

నేను మానుకొన్న మంచిపనులలో నిజమైన నష్టభయముచేత మానినవెన్ని, చూపుల భయముచేత మానినవెన్ని?

నేను చేసిన మంచిపనులలో ఎవరును చూడకున్నను చేసియుండదగినవెన్ని?

నా తీర్పునకు వెఱచి ఈ దినమున ఎవరు తడికె చాటున నిలిచియున్నారు?

ఈ వారము నేను నడువవలసిన పది యడుగులు ఎచ్చట నున్నవి?